అన్నయ్య కారుకి ఏ ఆయిల్ పోయాలి

క్రుషోవ్ దోల్,
సెప్టెంబరు 4, 2008

మరిది స్తామెన్‌కు,

రాస్తున్నది నీ వదిన రాయ్న. కవరు మీద పేరు చూసి కూడా చించి పారేయకుండా ఇంతదాకా చదివావంటే, మిగతాది కూడా చదువు. ఫోన్ చేద్దామనే అనుకున్నాను. బస్సు డిపోలో ముప్ఫై ఏళ్ళు ఇంజన్ల పక్కన నిలబడి నిలబడి నీకు చెవులు పూర్తిగా పోయాయని మీ స్లివెన్ బస్సు కండక్టరు చెప్పాడు. అందుకని కాగితం.

క్షేమసమాచారాలు తర్వాత. ముందు పని సంగతి.

జిల్లా ఆఫీసు వాళ్ళు నాకిచ్చిన జీపు వెనక్కి తీసుకున్నారు. కొండ మీది ఐదు ఊళ్ళకూ నర్సును నేనొక్కదాన్నే అని నీకు తెలుసు. నవంబరు ఒకటో తారీకు లోపల ఫిట్‌నెస్ పరీక్ష పాసైన సొంత బండి చూపిస్తే రౌండ్లు ఉంటాయట, లేకపోతే రద్దట. రోగులే కిందికి దిగి రావాలట. ఎవరు దిగుతారు? ఆ ఊళ్ళలో డెబ్బైకి తక్కువ వయసున్న మనిషి కనబడడు. తోత్క అవ్వ కాలి పుండుకు రోజు విడిచి రోజు కట్టు మార్చాలి. సంగతి చెబితే, నువ్వు రాకపోతే నేనే కట్టుకుంటాలేవే అంది, పొయ్యి తుడిచే గుడ్డ చూపించి.

ఇంటికొచ్చి షెడ్డు తలుపు తీశాను. మీ అన్నయ్య దెన్యో పోయినప్పటి నుంచి ఆ కారు అలాగే ఉంది, మూడేళ్ళయింది. నాకు నడపడం వచ్చు, జీపు నడపలేదూ? రానిదల్లా బోనెట్ కింద సంగతి. ఆ ఇంజన్ను పూర్తిగా విప్పి మళ్ళీ బిగించిన మనిషివి నువ్వొక్కడివే.

మనసులో పెట్టుకోకుండా చెప్పేస్తాను. తొంభై ఏడు జనవరిలో మీ అమ్మ చావుబతుకుల మధ్య ఉందని మీ ఇంటి నుంచి కబురొస్తే, ఆ కారు కనుమ మీద బిగుసుకుపోయింది. మీ అన్నయ్య మంచులో ఏడు గంటలు కూర్చున్నాడు. అత్తయ్యను ప్రాణంతో చూడలేకపోయాడు. చెడ్డ ఆయిల్ ఇచ్చింది నేనే, తప్పు నాదే అని నువ్వే ఒప్పుకున్నావు. ఆయన మరి నీతో మాట్లాడలేదు, చచ్చిపోయేదాకా. నేనూ మాట్లాడలేదు. దాని గురించి ఇప్పుడు అడగడంలేదు. నాకు కావాల్సింది ఏ ఆయిల్ కొనాలి, ఏ ఫిల్టర్లు కొనాలి, ఏది ముందు, ఏది తర్వాత. అంతే. తప్పు ఒప్పుకున్నవాడివి, ఈసారి సరిగ్గా చెప్పు.

రాయ్న


స్లివెన్,
సెప్టెంబరు 10

రాయ్న గారికి,

మీ ఉత్తరం అందింది. కింద రాసినట్టు చేయండి. వరుస మార్చకండి.

బండి మూడేళ్ళు నిలబడి ఉంది కాబట్టి ముందుగా తాళం తిప్పి స్టార్టు చేయకండి. నాలుగు స్పార్క్ ప్లగ్గులూ విప్పండి. ఒక్కో రంధ్రంలో ఒక చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి ఒక రోజు వదిలేయండి. తర్వాత టాప్ గేరులో పెట్టి ఎవరినన్నా పిలిచి బండిని ముందుకూ వెనక్కూ నెట్టించండి. చక్రాలతో పాటు ఇంజన్ తిరిగితే బతికే ఉన్నట్టు. అప్పుడు పాత ఆయిలంతా దించేయండి.

కొత్తది పదిహేను-నలభై, మినరల్. డబ్బా మీద ఈ అంకెలే ఉండాలి. ఇంతకన్నా పల్చనిది, ఎవరు ఎంత పొగిడినా కొనకండి. ఆ ఇంజన్ రబ్బరు సీళ్ళు పాతబడి గట్టిపడ్డాయి. పల్చని ఆయిల్ వాటి పక్క నుంచి కారిపోతుంది. నాలుగు లీటర్ల డబ్బా కొంటే కొంచెం మిగులుతుంది.

ఆయిల్ ఫిల్టర్ కొనేముందు లోపలికి చూడండి. అంచు చుట్టూ ఉన్న చిన్న రంధ్రాల వెనక రబ్బరు పొర కనబడాలి. అగ్గిపుల్లతో నొక్కితే మెత్తగా వెనక్కి పోవాలి. ఆ పొర లేకపోతే ఇంజన్ ఆపగానే ఫిల్టర్‌లోని ఆయిలంతా కిందికి జారిపోతుంది, మళ్ళీ స్టార్టు చేసినప్పుడు బేరింగులు ఆయిల్ లేకుండా పొడిగా తిరుగుతాయి. బిగించేటప్పుడు రబ్బరు రింగుకు వేలితో ఆయిల్ రాయండి. చేత్తోనే బిగించండి, పానా వద్దు. గాలి ఫిల్టర్, పెట్రోలు ఫిల్టర్ కూడా కొత్తవి వేయండి.

స్టార్టు చేశాక స్టీరింగు ముందు ఆయిల్ గుర్తున్న ఎర్ర దీపం మూడు నాలుగు సెకన్లలో ఆరాలి. ఆరకపోతే వెంటనే ఆపేయండి. దీపం పాడైందనుకోకండి. దీపాన్ని నమ్మండి.

ఇంకొకటి. మీ నేలమాళిగలో పాత సీసాల్లో ఆయిల్ ఏదున్నా వాడకండి. వెనక అర మీద ఉన్నవన్నీ చూడకుండా పారేయించండి. ఏముందో చూడాల్సిన పని లేదు.

స్తామెన్


క్రుషోవ్ దోల్,
సెప్టెంబరు 19

మరిదికి,

రాయ్న గారికి, మీరు, చేయండి, పారేయించండి. బ్యాంకు నుంచి వచ్చిందేమో అనుకున్నాను. నా పెళ్ళిలో నా చెప్పు దాచేసి, దానికి బదులు నాతో పాట పాడించుకున్న మనిషివి నువ్వు. సరే, నీ ఇష్టం.

నువ్వు చెప్పిన వరుసలోనే చేశాను. ప్లగ్గులు విప్పాను. మూడోది మొండికేసింది, దాన్ని తిట్టాల్సి వచ్చింది. మేయరూ, పోస్ట్‌మాస్టరూ, చర్చి ఫాదరూ ముగ్గురూ కలిసి బండి నెట్టారు. ఫాదరు గడ్డం బంపర్‌కు చిక్కుకుంది గాని ఇంజన్ మాత్రం తిరిగింది. నీ మాటల్లో చెప్పాలంటే బతికే ఉంది.

ఇక్కడిదాకా బాగానే ఉంది. తర్వాతది చెప్పాలంటే సిగ్గుగా ఉంది, అయినా చెప్పకపోతే నువ్వు మందు రాయలేవు. రోగులకు నేను రోజూ చెప్పే మాటే ఇది.

టౌనులో స్పేర్‌పార్టుల కొట్టు గాంచోకు నీ కాగితం చూపించాను. వాడు నవ్వాడు. ఈ మినరల్ ఆయిల్ మీ తాతల కాలంది నర్సమ్మా, ఇప్పుడెవరూ పోయడం లేదు, పాత ఇంజన్ అంటే ముసలి గుండె లాంటిది, దానికి మంచి మందు పడాలి అని చెప్పి ఐదు-ముప్ఫై అన్నది అంటగట్టాడు. ముసలి గుండె అనేసరికి నేను పడిపోయాను. వాడికి నా ఉద్యోగం తెలుసు కదా, ఎక్కడ నొక్కాలో అక్కడ నొక్కాడు. ఫిల్టర్ కూడా ఒక తెల్లటిది చౌకగా ఇచ్చాడు. అగ్గిపుల్ల సంగతి అడిగితే, అమ్మా, ఇది నిన్ననే ఫ్యాక్టరీ నుంచి వచ్చింది, పుల్లలు పెట్టి పొడవకండి అన్నాడు. నేను పొడవలేదు.

ఇప్పుడు చూస్తే షెడ్డు నేల మీద పళ్ళెమంత మరక. ఒక రాత్రిలో. పొద్దున స్టార్టు చేస్తే దీపం ఆరడానికి పదకొండు సెకన్లు పట్టింది. నేను నాడి చూసే గడియారంతో లెక్కపెట్టాను. ఆపేశాను. అప్పటి నుంచి ముట్టుకోలేదు.

ఇంకా ఆరు వారాలుంది. నేను వదిలేది లేదు. ఈ లోపల కొండ మీదికి పాల వ్యాను వెనక కూర్చుని వెళుతున్నాను, క్యాన్ల మధ్య. దిగేసరికి నా నుంచి పెరుగు వాసన. తిట్టదలుచుకుంటే తిట్టు, కాని ఏం చేయాలో కూడా రాయి.

నేలమాళిగ శుభ్రం చేసే తీరిక లేదు. సీసాలు ఎక్కడికి పోతాయి? ఉంటాయి అక్కడే.

రాయ్న


స్లివెన్,
సెప్టెంబరు 25

వదినా,

నీకు ఒక కాగితం రాసిస్తే దాన్ని తీసుకెళ్ళి గాంచోకు చూపించి వాడి మాట వింటావా? నువ్వు మాత్రలు రాసిచ్చిన రోగి వాటిని పక్కింటావిడకు చూపించి ఆవిడ చెప్పింది మింగితే ఊరుకుంటావా? మూతి మీద కొట్టినంత పని చేస్తావు. నాకు తెలుసు, నేను చూశాను.

పోసింది మంచి ఆయిలే. కొత్త బండ్లకు మంచిది. నీ బండికి కాదు. పల్చనిది కాబట్టి గట్టిపడ్డ సీళ్ళ నుంచి కారుతోంది, నేల మీద మరక అదే. దీపం ఆలస్యంగా ఆరడం ఫిల్టర్ వల్ల. ఇప్పుడైనా అగ్గిపుల్ల పెట్టి చూడు, వెనక పొర ఉండదు. ఇంజన్‌కు ఇంకా ఏమీ కాలేదు. పదకొండు సెకన్లకే ఆపావు కాబట్టి కాలేదు. ఆ పని అన్నయ్య కూడా చేసి ఉంటే.

సరే. నువ్వు మళ్ళీ ఆ కొట్టు గడప తొక్కొద్దు. కావాల్సినవి నేనే కొని బస్సులో పంపుతున్నాను. కండక్టరు మనవాడే, శనివారం పదింటికి స్టాపులో ఉండు. పెట్టెలో మూడు ఫిల్టర్లున్నాయి. ఆయిల్ నేను డిపో స్నేహితుడి దగ్గర పెద్ద పీపాలోంచి పట్టించాను, అందుకే సీసాల్లో ఉంది, డబ్బా మీద పేరు కోసం వెతకొద్దు. మెడకు రాగి తీగ మూడు చుట్లు చుట్టినవి ఇంజన్‌కు. రెండు చుట్లది గేర్‌బాక్సుకు. డిపో అలవాటు. చీకట్లో కూడా వేలితో తడిమి తెలుసుకోవచ్చు.

ఇప్పుడున్నదంతా దించి ఇది పోయి. ఐదు వందల కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ మొత్తం దించేసి, చలికాలానికి పది-నలభై పోద్దువు గాని; వేడెక్కాక అదీ ఇంతే చిక్కన, చలిలో మాత్రం తొందరగా కదులుతుంది. మొదటిసారి పోసింది లోపలి పాత మురికిని కడుగుతుంది, దాన్ని ఉంచుకోకూడదు.

నువ్వు తప్పు ఒప్పుకున్నవాడివి అని రాశావు. ఒప్పుకున్నాను. అయినా ఒక సంగతి చెబుతాను. అన్నయ్య పోయాడని తెలిసి మొదటి బస్సుకే వచ్చాను. స్టాపు దగ్గర స్తంభానికి సంతాపం కాగితం అంటించి ఉంది. ఫోటో, పేరు, కింద "దుఃఖంలో ఉన్నవారు: భార్య రాయ్న". ఇంకే పేరూ లేదు. ఊళ్ళో ప్రతి స్తంభానికీ అదే కాగితం. నా పేరు లేని చావుకు నేనెలా వెళ్ళను? ఎదురుగా వచ్చిన బస్సెక్కి వెనక్కి వచ్చేశాను. కోపంతో కాదు. నీకు తెలియాలని రాశాను.

నేలమాళిగ వెనక అర ఖాళీ చేయించు. మళ్ళీ చెబుతున్నాను. ఎవరినైనా పెట్టి చేయించు, నువ్వు దిగొద్దు. మెట్లు మంచివి కావు.

స్తామెన్


క్రుషోవ్ దోల్,
అక్టోబరు 5

స్తామెన్,

ముందు మంచి కబురు. ఆయిల్ మార్చాను, ఫిల్టర్ మార్చాను, అగ్గిపుల్లతో పొడిచి మరీ మార్చాను. దీపం రెండు సెకన్లలో ఆరింది. నాలుగు రోజులు చూశాను, షెడ్డు నేల పొడిగా ఉంది. నిన్న తోత్క అవ్వ ఇంటిదాకా వెళ్ళి వచ్చాను. ఆవిడ కారు చప్పుడు విని, దెన్యో వచ్చాడేమో అనుకున్నానే, గుండె ఆగినంత పనైంది అంది.

ఇప్పుడు రెండో సంగతి.

మిగిలిన సీసా దాచడానికి నేలమాళిగలోకి దిగాను. మెట్లు బాగానే ఉన్నాయి, స్తామెన్. నువ్వు వాటి మీద అంత బెంగ పెట్టుకోవాల్సిన అవసరం లేదు. వెనక అర మీద మిరప పచ్చడి జాడీలు, ఊరబెట్టిన క్యాబేజీ పీపా, వాటి వెనక దుమ్ములో రెండు సీసాలు. పొద్దుతిరుగుడు నూనె సీసాలే, అందరిళ్ళలో ఉండేవే. ఎత్తి పట్టుకుంటే వేలికి తీగ తగిలింది. రాగి తీగ. లెక్కపెట్టాను. మూడు చుట్లు. రెండింటికీ. మూత తీసిన గుర్తు లేదు, పైన మైనం అలాగే ఉంది.

అవి నువ్వు తొంభై ఆరు శరదృతువులో ఇచ్చినవి. బండికి ఆయిల్ ఎక్కడా దొరకని రోజులు, డిపో నుంచి తెచ్చి, కొలత తగ్గినప్పుడు పోసుకోమని ఇచ్చావు. మీ అన్నయ్య నవంబరులో ఒకటి పోశాడు, డిసెంబరులో ఒకటి పోశాడు. నాకు బాగా గుర్తు. మరి ఈ రెండూ ఇక్కడెలా ఉన్నాయి? ఆయన పోసిందేమిటి?

మెట్ల మీదే కూర్చుండిపోయాను. కూర్చుంటే గుర్తొచ్చింది. ఆ ఏడాది ఎవరి దగ్గరా ఏమీ లేదు. సూదిమందు వేస్తే చిక్కుళ్ళు ఇచ్చేవాళ్ళు, గుడ్లు ఇచ్చేవాళ్ళు. తోత్క అవ్వ రెండు సీసాల గానుగ నూనె ఇచ్చింది, సొంత చేలోని పొద్దుతిరుగుడు గింజల నుంచి ఆడించింది. దాన్ని నీ సీసాల పక్కనే పెట్టాను. పచ్చడి జాడీలకు చోటు కావాలని తర్వాత అన్నీ అటూ ఇటూ జరిపాను. ఒక పొద్దున మీ అన్నయ్య కింద నుంచి కేకేశాడు, స్తామెన్ తెచ్చినవి ఏవే అని. నేను సిరంజీలు మరిగిస్తున్నాను. రెండో అర, ఎడమ చేతివైపువి అన్నాను. తల కూడా తిప్పలేదు.

రోజుకు రెండు పెట్టెలు కాల్చే మనిషికి వాసనేం తెలుస్తుంది? పోసేశాడు. నూనె కనబడకపోతే అత్తయ్యకు పంపాడేమో అనుకున్నాను. రెండు సీసాల నూనెకు అత్తగారి దగ్గర ఆరా తీసినట్టుంటుందని అడగలేదు.

ఇంజన్ విప్పింది నువ్వు. లోపల ఏం చూశావో నాకు చెప్పు. డొంకతిరుగుడు వద్దు. చూడకుండా పారేయమని రెండుసార్లు రాశావు. నువ్వు మొదటి నుంచీ ఎరుగుదువు, అవునా?

రాయ్న


స్లివెన్,
అక్టోబరు 11

వదినా,

ముప్ఫై ఏళ్ళ అలవాటు. సీసా కనబడగానే చెయ్యి తీగ చుట్టేసింది. పంపేటప్పుడు ఆలోచించలేదు. చూడు, పదకొండేళ్ళు నోరు మూసుకున్న మనిషిని చెయ్యి పట్టించేసింది.

అవును. తెలుసు.

ఇంజన్ పైమూత తీయగానే తెలిసింది. లోపలంతా తేనె రంగు బంక, పాత మూకుడు అడుగున పట్టినట్టు. గోకితే పకోడీల వాసన. ఆయిల్ పీల్చుకునే జాలీ పూర్తిగా పూడిపోయింది, ఫిల్టర్ రాయిలా ఉంది. వంట నూనె వేడికి బంకవుతుంది. పైగా ఆ రోజు కనుమ మీద మంచు గడ్డకట్టే చలి. దీపం వెలిగి ఉంటుంది. బల్బు పాడైందనుకుని అన్నయ్య ముందుకు పోయి ఉంటాడు, అమ్మ దగ్గరికి వెళ్ళాలి కదా.

నేను డిపోలో ఒంటరిగా విప్పాను. అన్నయ్య సాయంత్రం వచ్చాడు. అమ్మను పాతిపెట్టి రెండు రోజులే అయింది. ఎవడు చేశాడురా ఇది, చెప్పు, వాడి మొహం మళ్ళీ నా జన్మలో చూడను అన్నాడు. నేను ఆయన ముఖం చూశాను. ఆ మాట మీద నిలబడే మనిషి ఆయన, నీకు తెలుసు.

ఆయనకు సీసా చూపించిందెవరో నేను అడగక్కర్లేదు. ఆ నేలమాళిగలో ఏది ఎక్కడుందో తెలిసింది నీకొక్కదానికే. నేను లేకపోయినా అన్నయ్యకు రోజు గడుస్తుంది. నువ్వు లేకపోతే గడవదు. అందుకని "నేనే" అన్నాను.

పూర్తిగా అబద్ధం కూడా కాదు వదినా, ఇది వినాలి నువ్వు. మూడు చుట్లంటే ఇంజన్ ఆయిల్ అని మీ ఇద్దరికీ నేను చెప్పలేదు. డిపోలో అందరికీ తెలుసు కాబట్టి లోకమంతటికీ తెలుసనుకున్నాను. ఒక కాగితం ముక్క అంటించి నాలుగు అక్షరాలు రాసుంటే అయిపోయేది. సిరంజీ మీద పేరు రాయకుండా ఇంకొకరికి ఇస్తావా నువ్వు? ఇవ్వవు. నేను ఇచ్చాను.

ఆ రెండు సీసాలూ ఆ వెనక అర మీదే ఎక్కడో ఉంటాయని తెలిసి ప్రతి ఏడాదీ భయపడ్డాను, ఎప్పుడో ఒకప్పుడు నీ చేతికి తగులుతాయని. తగిలాయి. ఇప్పుడైనా పారేయి. మైనం ఉన్నా ఇంత పాత ఆయిల్ ఇంజన్‌కు పనికిరాదు.

ఏడుస్తూ కూర్చోకు. పరీక్షకు ఇరవై రోజులుంది. గాలి ఫిల్టర్ మార్చావో లేదో రాయలేదు. పొగ పరీక్షలో దాని మీదే ఆధారం. కొలపుల్ల మీద ఆయిల్ రెండు గీతల మధ్య ఉండాలి, పై గీత దాటకూడదు. ఎక్కువ పోస్తే ఇంకా మంచిదనుకునేవాళ్ళుంటారు.

స్తామెన్


క్రుషోవ్ దోల్,
అక్టోబరు 28

మరిదీ,

పాసైంది. పొగ కొలిచే పిల్లాడు మీటరు చూసి, నర్సమ్మా ఇది నాకన్నా పెద్దది, నాకన్నా బాగా ఊపిరి పీలుస్తోంది అన్నాడు. అద్దం మీద స్టిక్కరు అంటించాడు. జిల్లా ఆఫీసుకు వెళ్ళి కాగితం బల్ల మీద పెట్టాను. వాళ్ళు అటూ ఇటూ తిప్పి చూశారు. వంక దొరకలేదు. ఐదు ఊళ్ళూ నావే. గాలి ఫిల్టర్ మార్చాను, బాబూ, మార్చాను. ఐదు వందల కిలోమీటర్లు నిన్నటితో అయ్యాయి, పది-నలభై పోశాను. దించిన ఆయిల్ తారులా ఉంది, నువ్వు చెప్పినట్టే.

నీ ఉత్తరానికి ఇన్ని రోజులు జవాబు రాయలేదు. కోపం వచ్చింది. నా తప్పును నా దగ్గర నుంచి దాచే హక్కు నీకెవరిచ్చారు? పదకొండేళ్ళు నిన్ను తిట్టుకున్నాను, నా కంచం ముందు కూర్చుని, నా ఇంట్లో పడుకుని. ఎంత హాయిగా తిట్టుకున్నానో తలుచుకుంటే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు. రెండు రోజులు నీ మీద మండిపడ్డాను. మూడో రోజు ఏడ్చాను. నాలుగో రోజు తోత్క అవ్వకు కట్టు కట్టడానికి వెళ్ళాను.

నేనూ ఒకటి దాచాను. అది నీకు చెప్పకపోతే నేను మనిషినే కాదు. మీ అన్నయ్య పోయే ముందు వారం, స్తామెన్‌కి కబురు పెట్టవే అన్నాడు. స్పష్టంగానే అన్నాడు, జ్వరంలో కాదు. నేను సరే అన్నాను, పెట్టలేదు. అమ్మను చూడనివ్వనివాడు ఇప్పుడెందుకు అని నాలో నేనే పంతం పట్టాను. రేపు, ఎల్లుండి అనుకుంటూ ఉండగానే ఆయన పోయాడు. సంతాపం కాగితంలో నీ పేరు వద్దన్నది కూడా నేనే. ప్రింటు చేసేవాడు అడిగాడు, తమ్ముడున్నాడు కదమ్మా అని. లేడన్నాను.

ఆయన నిన్ను అడిగాడు, స్తామెన్. ఆ మాట నీది. మూడేళ్ళు నా దగ్గర పెట్టుకున్నాను.

ఆదివారం సమాధి దగ్గరికి వెళ్ళాను. ద్రాక్షసారా పోసి, రొట్టె పెట్టి, అంతా చెప్పాను. రెండో అర ఎడమచేతివైపు దగ్గర మొదలుపెట్టి, ఏదీ వదలకుండా. పక్క సమాధి దగ్గర పువ్వులు పెడుతున్నావిడ నన్ను చూసి జరిగి కూర్చుంది. జరగనీ.

నవంబరు తొమ్మిదికి ఆయన పోయి మూడేళ్ళు. వర్ధంతికి కొత్త సంతాపం కాగితం వేయించాను, ఒకటి ఇందులో పెడుతున్నాను. చూడు. "దుఃఖంలో ఉన్నవారు: తమ్ముడు స్తామెన్, భార్య రాయ్న." నీ పేరు ముందు. స్టాపు దగ్గర స్తంభానికి నా చేత్తో నేనే అంటించాను, నువ్వు ఆ రోజు చూసిన స్తంభానికే.

శనివారం ఎనిమిదో తారీకు పొద్దున బయలుదేరి కనుమ మీదుగా నేనే వస్తాను, ఈ కారులోనే. బస్సులో వస్తానని రాయకు, ఒప్పుకోను. మధ్యాహ్నానికి మీ వీధిలో ఉంటాను. హారన్ కొడితే నీకు వినబడదు కాబట్టి కోటు వేసుకుని కిటికీ దగ్గర కూర్చో. రాకపోతే ఫాదరునీ మేయరునూ తీసుకొచ్చి నెట్టిస్తాను.

నీ వదిన


స్లివెన్,
నవంబరు 3

వదినా,

నువ్వు పంపిన కాగితం మా వీధి తలుపుకు అంటించాను. ఈ వీధిలో అన్నయ్యను ఎరిగినవాళ్ళు ఎవరూ లేరు. అయినా ఆగి చదువుతున్నారు. పక్కింటాయన నా చెయ్యి పట్టుకుని ఏదో అన్నాడు, వినబడలేదు. తల ఊపాను.

అన్నయ్య నన్ను అడిగాడన్న మాట మూడుసార్లు చదివాను. నిన్ను ఏమీ అనను. నువ్వు దాచావు, నేనూ దాచాను, ఇద్దరం చెప్పేశాం. చాలు.

బయలుదేరే ముందు ఇంజన్ చల్లగా ఉండగానే కొలపుల్ల చూడు. కనుమ ఎక్కేటప్పుడు మూడో గేరు దాటొద్దు. కిటికీ దగ్గర కూర్చోను, వీధి చివరే నిలబడతాను. చెవులు లేకపోయినా బోనెట్ మీద చెయ్యి పెడితే ఇంజన్ ఎలా ఉందో నాకు తెలుస్తుంది. ఎక్కువ పోసుంటే అప్పుడు తిడతాను.

కనుమ మీద ఎక్కడా ఆగొద్దని రాద్దామనుకున్నాను. వద్దు, ఆగు. అన్నయ్య ఏడు గంటలు కూర్చున్న మలుపు నీకు తెలుసు, నీటి తొట్టి దగ్గర. అక్కడ పక్కకు తీసి, ఇంజన్ ఆపకుండా ఒక్క నిమిషం ఉండు. ఎర్ర దీపం వెలగడం లేదని ఆయన చూడాలి.

నీ మరిది,
స్తామెన్